గుణాలే పాత్రలైన కథ

ప్రశ్న: ఆంగ్ల రచయిత జాన్ బన్యన్ రచించిన ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’లో మనుషులకూ ఊళ్లకూ గుణాల పేర్లే ఉన్నాయి. దీనిని కథగా చదవాలా, మతబోధగా చదవాలా?

జవాబు: రెండుగానూ చదవవచ్చు కాని, ముందుగా కథగానే చదవమని మా సలహా. అనుమతి లేకుండా మతబోధ చేసినందుకు 1660 నుండి 1672 వరకు బెడ్‌ఫర్డ్ చెరసాలలో గడిపిన బన్యన్, దీని మొదటి భాగాన్ని 1678లో ప్రచురించాడు. వీపున పాపభారం మోస్తూ ఇల్లు విడిచిన కథానాయకుడు ‘క్రిస్టియన్’ నిస్పృహ అనే ఊబిలో పడినప్పుడు, ఆ మూటే అతణ్ణి మరింత లోతుకు దించుతుంది. తోడు వచ్చిన చపలచిత్తుడు మాత్రం ఎలాగో గట్టెక్కి, తిట్టుకుంటూ ఇంటిదారి పడతాడు. సిద్ధాంతం తెలియని పాఠకుడికి కూడా ఆ బురద కాళ్లకు అంటుతుంది. శిలువ దగ్గర మూట దానంతట అదే జారిపోవడంలో, ముక్తి స్వప్రయత్నంతో గాక దైవకృపతోనే లభిస్తుందన్న ప్రొటెస్టెంటు విశ్వాసం ఉంది. దారిలో వచ్చే ఆడంబరాల సంత (వానిటీ ఫెయిర్)లో పదవులు, బిరుదులు, రాజ్యాలు సైతం అమ్మకానికి ఉంటాయి. ఆంగ్ల నవలాకారుడు థాకరే తన ‘వానిటీ ఫెయిర్’ నవలకు పేరు తీసుకున్నది ఇక్కడి నుంచే. వివేకం, మోహం పాత్రలుగా నడిచే ‘ప్రబోధచంద్రోదయం’ నంది మల్లయ, ఘంట సింగయల తెలుగులో చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అయితే బన్యన్ పాత్రలు తత్త్వాన్ని చర్చిస్తూనే పల్లెటూరి ఇరుగుపొరుగులా మాట్లాడతాయి.