క్రోమ్ మెరుపు పోయిన పాత సెట్లు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా పాత క్యాసెట్ రికార్డర్ నాబ్‌ల అంచున ఉన్న వెండి మెరుపు చెరిగి నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. మెటల్ పాలిష్‌తో రుద్దితే మిగిలింది కూడా పోతోంది. ఎందుకిలా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పాలిష్ వెంటనే ఆపండి. అది క్రోమ్ కాదు. ప్లాస్టిక్ నాబ్‌లలో చాలావాటికి వ్యాక్యూమ్‌లో అల్యూమినియాన్ని ఆవిరి చేసి పట్టించేవారు. ఆ పొర మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యోవంతు) పదో వంతు కూడా ఉండదు. దాన్ని కాపాడేది పైనున్న సన్నటి లక్కర్ (పారదర్శక వార్నిష్ పూత) ఒక్కటే. అది అరిగితే పాలిష్‌లోని గరుకు పొడి ముందు అల్యూమినియం నిలవదు.

మిగతా నాబ్‌లు ముట్టుకునే ముందు మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో (కరెంటుకు దారి ఉంటే బీప్ ఇచ్చే సెట్టింగ్) పెట్టి, రెండు ప్రోబ్‌లను మెరుపు మీద తేలిగ్గా ఆనించండి. బీప్ వస్తే ఎలక్ట్రోప్లేటింగ్ (కరెంటుతో ఎక్కించిన లోహపు పూత), రాకపోతే లక్కర్ కింద అల్యూమినియం అనుకోవచ్చు.

చెరిగిన అంచును 1000, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి నునుపు చేయండి. గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, మెరిసే నల్ల రంగు పలచగా వేసి కనీసం ఒక రోజు వదలండి. కింది రంగు ఎంత నున్నగా ఉంటే పై మెరుపు అంత బాగుంటుంది. దానిపై క్రోమ్ ఇంక్ మార్కర్‌తో ఒకే గీతలో వెళ్లండి. తడిగా ఉండగా మళ్లీ గీస్తే మచ్చలు పడతాయి. తర్వాత కొన్ని రోజులు వేలు తగలనివ్వొద్దు. పైన క్లియర్ కోట్ వేయాలనిపిస్తుంది కానీ చాలా రకాలు మెరుపును బూడిదరంగులోకి దించేస్తాయి. రోజూ వేళ్లు తగిలే వాల్యూమ్ నాబ్‌కు మా సలహా ఇంక్ కాదు, జిగురున్న పలచని అల్యూమినియం ఫాయిల్. పట్టీ కోసి చుట్టి, అతుకు నాబ్ కిందివైపుకు వచ్చేలా ఇయర్‌బడ్‌తో నొక్కితే సరిపోతుంది.

ప్రశ్న: వాల్వ్ రేడియో డయల్ చుట్టూ ఉన్న లోహపు ఫ్రేమ్‌పై మచ్చలున్నాయి. టాయిలెట్ క్లీనర్ వాడొచ్చా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దేవద్దు. అందులోని హైడ్రోక్లోరిక్ యాసిడ్ క్రోమ్‌నే కరిగిస్తుంది. చింతపండు, నిమ్మరసం కూడా పూతలోని సన్న రంధ్రాల గుండా కింది లోహాన్ని తింటాయి.

అలంకారపు క్రోమ్ సాధారణంగా అర మైక్రాన్‌కు మించదు. దాని కింద అంతకన్నా చాలా మందంగా నికెల్ ఉంటుంది. నీలి ఛాయ ఉంటే క్రోమ్ మిగిలే ఉంది. లేత పసుపు తిరిగితే నికెల్ బయటపడింది. తుప్పు ఎరుపు కనిపించి, అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే లోపల ఇనుము. ఆ తుప్పును నీళ్లలో ముంచిన వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఉండతో తేలిగ్గా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కన్నా మెత్తన కాబట్టి పూత గీరుకోదు. బొబ్బలు లేచి తెల్లపొడి రాలుతుంటే లోపలి జింక్ పోతోంది. రుద్దితే బొబ్బ చిట్లడమే తప్ప లాభం లేదు.

తిరిగి పూత వేయించాలంటే ప్లేటింగ్ షాపే దారి. ఇంట్లో క్రోమిక్ యాసిడ్‌తో ప్రయత్నించకండి, అది క్యాన్సర్ కారకం. షాపులో పాత పూత తీసి, బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో నునుపు) చేసి, రాగి, నికెల్, చివర క్రోమ్ వేస్తారు. చెక్కిన అక్షరాలుంటే ముందే చూపించండి, బఫింగ్ చక్రం కింద అవి అరిగిపోతాయి. మరలు పట్టే రంధ్రాలకు పూత ఎక్కకుండా మూయమనండి.

విప్పేముందు ప్లగ్ తీయండి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లలో చాసిస్‌కే (లోపలి లోహపు చట్రం) కరెంటు ఉండొచ్చు. అందుకే ఫ్రేమ్ వెనకాల ఇన్సులేషన్ వాషర్లుంటే ఒక్కటీ పోగొట్టవద్దు. నాబ్ స్క్రూ గుంతలో మైనం ఉంటే అదీ వేలికి కరెంటు తగలకుండానే, బిగించాక మళ్లీ నింపండి.

ప్రశ్న: ట్రాన్సిస్టర్ ఏరియల్‌కు మళ్లీ క్రోమ్ వేయించవచ్చా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. గొట్టాల మధ్య సందు చాలా తక్కువ, కొత్త పూత పడితే ఒకదానిలో ఒకటి దూరవు. పూర్తిగా సాగదీసి, మెత్తటి గుడ్డకు కొంచెం పాలిష్ రాసి తుడవండి. తెల్లటి మిగులు లోపలికి పోకుండా పొడిగుడ్డతో మళ్లీ తుడిచాకే మూయండి. ఇత్తడి తేలి, సాగదీస్తే నిలవకుండా జారుతుంటే కొత్తది కొనండి. మూసినప్పటి పొడవు, అడుగు గొట్టం వ్యాసం, బిగించే మర కొలత తీసుకుని దుకాణానికి వెళ్లండి.