ఒమాహా ఆడించబోతున్న మేనల్లుడికి

ప్రియమైన మేనల్లుడికి ఆశీస్సులు.

ఈసారి స్నేహితులతో పోకర్ పేకాటలో హోల్డెమ్ అనే రకానికి బదులు ఒమాహా అనే రకం ఆడించాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అయితే హోల్డెమ్ బాగా వచ్చినవాళ్లే ఒమాహాలో ముందుగా తప్పటడుగు వేస్తారు కనుక, ముక్కలు పంచే ముందే నీవు వారికి ఒక నియమాన్ని నిదానంగా వివరించాలి.

ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు పంచుతాము. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరవడమూ, నాలుగు విడతల పందేలూ హోల్డెమ్‌లో ఉన్నట్లే ఉంటాయి. హోల్డెమ్‌లో చేతిలోవి రెండే ముక్కలు, వాటిని బల్ల మీదివాటితో ఎలాగైనా కలుపుకోవచ్చు. కానీ ఇక్కడ చివరి ఐదు ముక్కల చేయి (గెలుపును తేల్చే కూర్పు) కట్టేటప్పుడు చేతిలోవి సరిగ్గా రెండు, బల్ల మీదవి సరిగ్గా మూడు తీసుకోవాలి. ఒకటీ నాలుగూ పనికిరాదు, మూడూ రెండూ పనికిరాదు. బల్ల మీద నాలుగు ఆఠీన్లు పడ్డాయనుకో, నీ చేతిలో ఆఠీన్ ఆసు ఒక్కటే ఉంటే నీకు ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) లేదు. రెండు చిన్న ఆఠీన్లున్న ఎదుటివాడికి ఉంది. అలాగే బల్ల మీద రెండు రాజులు, రెండు 8లు, ఒక 3 ఉండి, నీ చేతిలో ఆసు, జాకీ, 8, 6 ఉంటే, హోల్డెమ్ అలవాటు కొద్దీ ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, మరో అంకెవి రెండు) అనిపిస్తుంది, కానీ నీకున్నది మూడు 8లు మాత్రమే. ఈ రెండు ఉదాహరణలనూ ముక్కలు పరచి చూపించు. నోటిమాటగా చెబితే ఎవరికీ గుర్తుండదు.

నాలుగు ముక్కల్లోంచి రెండేసి ముక్కల కలయికలు ఆరు కట్టవచ్చు కాబట్టి ప్రతివారికీ ఏదో ఒక మంచి చేయి పడినట్లే ఉంటుంది. అందుకే ఇక్కడ రెండు జతలను (ఒకే అంకె ముక్కల జంటలు రెండింటిని) నమ్ముకోవడం ప్రమాదం, చిన్న ఫ్లష్‌తో పెద్ద పందెం కాయడం అంతకంటే ప్రమాదం. ఒకదానికొకటి సాయపడే నాలుగు ముక్కలనే ఆడమని నా గట్టి సలహా. చేతిలో జాకీ, 10, 7, 6 ఉండగా బల్ల మీద 9, 8, 2 పడితే, ఇరవై ముక్కల్లో ఏది వచ్చినా వరస (వరుసగా ఐదు అంకెలు) పూర్తవుతుంది. మూడు ఆసులు చేతికి వస్తే మాత్రం మురిసిపోకు, రెండింటికి మించి వాడలేవు, మూడోది బల్ల మీదికి వచ్చే అవకాశాన్నీ తగ్గిస్తుంది.

పందేనికి హద్దుగా పాట్ లిమిట్ పెట్టు, అంటే మధ్యలో పోగైన పందెం మొత్తానికి (పాట్‌కు) మించి ఎవరూ పెంచకూడదు. పాట్‌లో 100 ఉండగా ఒకరు 50 కాస్తే, తరువాతివారు ఆ 50కి సరిపెట్టినట్లు లెక్కవేస్తే పాట్ 200 అవుతుంది, ఆపైన మరో 200 వరకు పెంచవచ్చు, అంటే మొత్తం 250 చిప్స్ (పందెం లెక్కకు వాడే బిళ్లలు) వేయవచ్చు. ఈ లెక్క మొదట్లో అందరికీ తికమకగా ఉంటుంది కనుక అడిగినప్పుడల్లా నీవే పైకి లెక్కపెట్టి చెప్పు. డబ్బు పెట్టవద్దు, తలా 200 చిప్స్ ఇచ్చి, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు) 1, 2గా పెడితే ఆట చాలాసేపు సాఫీగా సాగుతుంది.

చివరి పందెం ముగిశాక, ఆటలో మిగిలినవారంతా నాలుగు ముక్కలనూ తెరిచి పెట్టాలి. ఎవరి రెండు ముక్కలు బల్ల మీది ఏ మూడింటితో కలిశాయో అందరూ చూసి ఒప్పుకునేదాకా ఒక్క ముక్కను కూడా కట్టలో కలపనివ్వకు.

ఇట్లు,
మీ మామయ్య