ర్యామూప్స్ లాగ్ రీబూట్‌కి చెరిగిపోతుంటే

512 ఎంబీ బోర్డులో ర్యామ్ చివరి 1 ఎంబీ ర్యామూప్స్‌కి (లినక్స్ కెర్నల్ క్రాష్ లాగ్‌ని ర్యామ్‌లో దాచే డ్రైవర్) ఇచ్చానని, ప్యానిక్ (కెర్నల్ క్రాష్) తర్వాత రీబూట్ చేస్తే ఆ లాగ్ కనిపించాల్సిన పీస్టోర్ ఫోల్డర్ ఖాళీగా ఉంటోందని రాశారు. కెర్నల్ తప్పు కాదండీ. బూట్ అయ్యేటప్పుడు యూ-బూట్ (కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్) తనను తాను ర్యామ్ పైకొసకు, అంటే మీరిచ్చిన ఆ చివరి భాగానికే, కాపీ చేసుకుంటుంది. ఈ రీలొకేషన్‌లో మీ రిజర్వ్‌డ్-మెమరీ నోడ్‌ని (ఆ 1 ఎంబీని పక్కన పెట్టమని డివైస్ ట్రీలో రాసిన భాగం) అది లెక్కచేయదు. యూ-బూట్ కాపీ కిందే దాని మాలాక్ (పని మెమరీ), స్టాక్ కూడా. యూ-బూట్ ప్రాంప్ట్‌లో బీడీఇన్ఫో కమాండ్ కొట్టి రీలోక్‌అడ్ర్ (అది కాపీ అయిన అడ్రస్) చూడండి, తెలిసిపోతుంది.

నోడ్‌ని ర్యామ్ మధ్యకు, మొదలు నుంచి 256 ఎంబీ దగ్గరకు జరపండి. కెర్నల్, ఎఫ్‌డీటీ (డివైస్ ట్రీ ఫైల్), ర్యామ్‌డిస్క్ లోడ్ అడ్రస్‌లు అక్కడ పడట్లేదని ముందు ప్రింట్‌ఎన్వ్ (యూ-బూట్ వేరియబుల్స్ చూపే కమాండ్)లో చూసుకోండి, చాలామంది మళ్లీ దెబ్బతినేది ఇక్కడే. పైకొసే కావాలంటే, ఆ చోటును యూ-బూట్ ముట్టకుండా వదిలేలా చేసే పీర్యామ్ వేరియబుల్ ఉంది: బిల్డ్‌లో కాన్ఫిగ్ పీర్యామ్ ఉండాలి, విలువ కిలోబైట్లలో, మీకు 1024. టెస్ట్ మాత్రం వార్మ్ రీసెట్‌తోనే (పవర్ తీయకుండా రీబూట్) చేయండి. పవర్ పీకితే లాగ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.