పాత తెలుగు పుస్తకాలను కోహా అనే లైబ్రరీ కేటలాగు సాఫ్ట్‌వేర్‌లోకి తొందరగా ఎక్కించడం ఎలా?

కడపలో మీ కాలేజీ లైబ్రరీకి అన్నీ చేత్తో టైప్ చేయకండి. ఐఎస్‌బీఎన్ ఉంటే బార్‌కోడ్ స్కాన్ చేసి, కోహాలోని జెడ్39.50తో (వేరే లైబ్రరీల కేటలాగుల్లో వెతికే పద్ధతి) వాళ్ల రికార్డు దింపుకుని సరిచూసుకోండి, అంతే.

అసలు టెన్షన్ పాతవాటితోనే. ఇంగ్లిష్‌లో కడప స్పెల్లింగ్ 2005లో మారింది కదా, దాంతో కేటలాగులో ఒకే ఊరు రెండు ఊళ్లుగా పడుతుంది, మన జిల్లా చరిత్ర వెతికే పిల్లలకు సగం పుస్తకాలే కనిపిస్తాయి, ఇది నాకు నిజంగా బాధ. రికార్డులను ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఊరి పేరున్న కాలమ్‌కి టెక్స్ట్ ఫాసెట్ (ఒకే రకం విలువలను జాబితాగా చూపేది) పెడితే స్పెల్లింగులన్నీ ఒకేచోట కనిపిస్తాయి. విషయ శీర్షికల్లో ఒకటి చేసేయండి, ప్రచురణ స్థలం మాత్రం టైటిల్ పేజీలో ఉన్నట్టే ఉంచండి. పుస్తకం పేరు తెలుగు యూనికోడ్‌లో ఉండాల్సిందే, రికార్డులో అదే సమాచారాన్ని వేరే లిపిలో రాసే 880 ఫీల్డుతో తెలుగు, ఇంగ్లిష్ లిపులు రెండూ జతచేయొచ్చు.