గ్యాస్ గీజర్ గురించి చిన్నాన్న ఉత్తరం

చిత్తూరు

చిరంజీవి సౌభాగ్యవతికి చిన్నాన్న ఆశీస్సులు.

తిరుపతిలో ఇల్లు కుదిరిందని మీ నాన్న చెప్పాడు. బైరాగిపట్టెడ అంటే బజారుకూ బస్టాండుకూ అన్నిటికీ వీలే. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఇల్లు బాగుంది, గీజర్ కూడా మంచిదే. అది ఉన్న చోటే బాగాలేదు తల్లీ. షవర్ పక్కనే బాత్రూమ్ గోడకు బిగించేశారు. "ఒక్కోసారి వెలగట్లేదు చిన్నాన్నా, ఏం చేయాలి" అని నువ్వు అడిగింది చిన్న విషయం, దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు ఆ గీజర్‌ను బయటికి మార్పించు. ఇన్నేళ్ళు గ్యాస్ పొయ్యిలు, గీజర్లు రిపేరు చేసిన మనిషిగా చెప్తున్నాను, ఇందులో రాజీ పడొద్దు.

గ్యాస్ మండాలంటే గాలి కావాలి. చిన్న బాత్రూమ్‌లో తలుపేసుకుని, చలికి వెంటిలేటర్ కూడా మూసేసి గీజర్ నడిపితే అది ఆ గదిలో గాలినంతా వాడేసుకుంటుంది. గాలి చాలనప్పుడు గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్‌లో కంపు కొట్టే మందు కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కు పట్టేస్తుంది. ఈ విషానికి ఆ ఆనవాలు కూడా ఉండదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది, కాళ్ళలో సత్తువ పోతుంది. గడియ తీసి బయటపడదామని అనుకునేసరికి చెయ్యి లేవదు.

ఈ మాట ఎవరికైనా చెప్తాను, కానీ తిరుపతిలో కాపురం పెట్టిన నీకు మరీ గట్టిగా చెప్తున్నాను. ఆ ఊళ్ళో ఇల్లుందంటే చుట్టాలు రాకుండా ఉంటారా? బ్రహ్మోత్సవాలకూ, వైకుంఠ ఏకాదశికీ, మధ్యలో ఎప్పుడు దర్శనం టికెట్ దొరికినా మీ ఇంట్లోనే దిగుతారు. తెల్లారకముందే కొండెక్కాలని నిద్ర లేచి ఒకరి తర్వాత ఒకరు తలస్నానాలు మొదలుపెడతారు. మొదటి మనిషి స్నానంలో పుట్టిన పొగ బయటికి పోకముందే రెండో మనిషి లోపలికి పోయి తలుపేసుకుంటారు. పొగ పేరుకుంటూనే ఉంటుంది. ఆఖరున ఎవరు పోతారు? పిల్లలందరినీ తయారుచేసి, పెద్దవాళ్ళకు కాఫీలిచ్చి, చివర్న పోయేది ఇంటి ఇల్లాలే. నాకు భయమంతా అక్కడే.

చాలా గీజర్లలో 20 నిమిషాలు ఆగకుండా వెలిగితే దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉంటుంది. అలా ఆరగానే జనం కుళాయి కట్టి మళ్ళీ తిప్పుతారు, లెక్క మొదటికొస్తుంది, గీజర్ మళ్ళీ వెలుగుతుంది. అంతమంది స్నానాలకు ఆ ఏర్పాటు ఏమీ కాపాడదు. ఇంకొకటి, ఎవరైనా తల తిరుగుతోందంటే రాత్రంతా బస్సులో కూర్చున్నావు కదా, ఉపవాసం కదా అని మనమే సర్ది చెప్పేస్తాం. స్నానం చేసి వచ్చిన మనిషి ఆ మాట అంటే ముందు గీజర్‌నే అనుమానించు.

ఫోటోలో వెనకాల గిన్నెలు తోముకునే చోటు కనిపించింది. అక్కడ గోడకు బిగిస్తే సరిపోతుంది. పైన వాన పడకుండా, ఈదురుగాలి నేరుగా మంటకు తగలకుండా చూసుకోండి. అక్కడి నుంచి వేడినీళ్ళ పైపు ఒక్కటే బాత్రూమ్‌లోకి రావాలి. సిలిండర్ గీజర్ కిందే పెట్టకుండా కాస్త పక్కకు, నిలువుగా నిలబెట్టండి. రబ్బరు ట్యూబును గోడలోంచి దూర్చనీయొద్దు, లోపల ఎక్కడ నలిగిందో ఎవరికీ కనపడదు.

మార్చేదాకా స్నానాలు మానలేరు కాబట్టి ఇలా చేయండి. బాత్రూమ్ తలుపు, వెంటిలేటర్ బార్లా తెరిచి గీజర్ వెలిగించి బకెట్లు నింపుకోండి. గీజర్ ఆపేసి, కాసేపు గాలి ఆడనిచ్చి, ఆ తర్వాత లోపలికి పోయి తలుపేసుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని అల్లుడుగారు అనొచ్చు. బయటి నుంచి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ తిరిగితే పొగను తిరిగి గదిలోకే లాగొచ్చు. దాన్ని నమ్ముకోవద్దు.

ఇక నువ్వు అడిగింది. కుళాయి తిప్పగానే టకటకమని చప్పుడు వస్తోందా లేదా, ముందు అది విను. చప్పుడే లేకపోతే కింద డబ్బాలో టార్చిలైటుకు వేసే పెద్ద సెల్లులు రెండు ఉంటాయి, అవి మార్చి చూడు. సెల్లు తగిలే రేకులకు పచ్చటి తుప్పు పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్దు. అయినా పలకలేదంటే నీళ్ళ ఒత్తిడి చాలడం లేదన్నమాట. మీది పై అంతస్తు, ట్యాంకు సరిగ్గా నెత్తి మీదే ఉంది, ఎత్తు తక్కువైతే ఒత్తిడీ తక్కువే, కాబట్టి నాకు దీని మీదే అనుమానం. చన్నీళ్ళు లోపలికి వచ్చే చోట నట్టు విప్పితే వేలి గోరంత జాలీ ఉంటుంది. ఇసుక, తుప్పు చేరి అది పూడుకుపోతుంది. తీసి పాత బ్రష్షుతో కడుగు. షవర్ చిల్లులు కూడా చూడు, నీళ్ళు బయటికి పోకపోయినా గీజర్ వెలగదు.

ఇవన్నీ అయ్యాక కూడా మొండికేస్తే లోపలి డయాఫ్రమ్ పోయి ఉంటుంది. ఇత్తడి డబ్బీలో ఉండే నల్ల రబ్బరు బిళ్ళ అది. నీళ్ళు తోస్తే ఉబ్బి ఒక పుల్లను ముందుకు నెడుతుంది, అప్పుడే గ్యాస్ తెరుచుకుంటుంది. పాతబడితే అంచులు ఎండిన గారెలా గట్టిపడి ఉబ్బడం మానేస్తుంది. మెకానిక్‌తో మార్పించు, నువ్వు విప్పొద్దు.

టకటకలాడినా మంట రాకపోతే గ్యాస్ అయిపోయిందేమో, రెగ్యులేటర్ కట్టేసి ఉందేమో చూడు. సెల్లులు నీరసించినా అంతే, నిప్పురవ్వ వస్తుంది కానీ గ్యాస్ వాల్వును లాగే బలం ఉండదు. ఢబ్‌మని చప్పుడుతో వెలుగుతుంటే మాత్రం వాడకం ఆపేయ్. గ్యాస్ ముందు పోగై, తర్వాత ఒక్కసారిగా అంటుకుంటోందని అర్థం.

గీజర్‌కు ముందుండే చిన్న కిటికీలోంచి మంట రోజూ ఒకసారి చూడు. నీలంగా, కదలకుండా నిలబడాలి. పసుపు నాలుకలు లేస్తున్నా, మూత పైన మసి కనిపించినా బర్నర్‌లో దుమ్మో సాలెగూడో చేరింది, లేదా గాలి చాలడం లేదు. శుభ్రం చేయించేదాకా వెలిగించొద్దు.

బోరు నీళ్ళయితే రాగి గొట్టం లోపల సున్నం పేరుకుంటుంది. అప్పుడు మంట బాగున్నా నీళ్ళు వేడెక్కవు, ధార సన్నగిల్లుతుంది. నీళ్ళు ఎంత ఎక్కువ కాగితే సున్నం అంత త్వరగా పడుతుంది. అందుకే బాగా కాచి చన్నీళ్ళు కలుపుకోవడం కంటే మంట తగ్గించి, ఒంటికి సరిపడేంత వేడికే పెట్టుకో. ధనుర్మాసం చలి మొదలయ్యే ముందు ఏటా ఒకసారి సర్వీసు చేయించు.

సిలిండర్ తీసుకునేటప్పుడు పైన పట్టీ లోపలి వైపు రాసిన అక్షరం, సంవత్సరం చూడు. 'బి 27' అని ఉంటే 2027 జూన్ దాకా వాడొచ్చని. నారింజ రంగు సురక్ష ట్యూబును ఐదేళ్ళకు మార్చాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు వేయొద్దు, ఉన్నవి ఆర్పొద్దు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, నేలబారునే పరుచుకుంటుంది, కిటికీ ఒక్కటి తెరిస్తే పోదు.

పిల్లలనూ అత్తగారినీ బాత్రూమ్ గడియ పెట్టుకోవద్దని చెప్పు. పిలిస్తే పలకకపోతే ఆలోచించొద్దు, తలుపు తోసి, గీజర్ ఆపి, మనిషిని ఆరుబయటికి తెచ్చి 108కి చేయండి. రుయా ఆసుపత్రికి తీసుకెళ్ళినా స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళినా "గ్యాస్ గీజర్ దగ్గర పడిపోయారు" అని మొదటి మాటగా చెప్పండి. డాక్టర్లు వెంటనే ఆక్సిజన్ పెడతారు.

పైపు పని, మేస్త్రీ కూలీ కలిసి ఖర్చవుతుందని ఇంటి ఓనరు నసగొచ్చు. అలా అంటే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను. మేస్త్రీ వచ్చే రోజు ముందుగా చెబితే పొద్దున బస్సుకే వచ్చి దగ్గరుండి బిగింపిస్తాను.

మీ చిన్నాన్న