నర్సింగ్ ప్రశ్నలు - జవాబులు: ముందు ఏ మంచం దగ్గరకు?

ప్రశ్న: జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి ఏడు నెలలుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో పనిచేస్తున్నాను. ఈ మధ్య ఒక రాత్రి డ్యూటీ తీసుకున్న వెంటనే నాలుగు మంచాల నుంచి ఒకేసారి పిలుపులు వచ్చాయి. 3వ మంచంలో ఆ ఉదయమే లాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీసిన ఆమె నొప్పితో గట్టిగా ఏడుస్తోంది. 7వ మంచంలో తుంటి ఎముక ఆపరేషన్ అయి మూడో రోజున ఉన్న 62 ఏళ్ల పెద్దావిడ దుప్పటి లాగేసుకుంటూ, ఇంటికి పోదామని మారాం చేస్తున్నారని కూతురు వచ్చి చెప్పింది. 9వ మంచంలోని షుగర్ పేషెంటుకు రాత్రి ఇన్సులిన్ ఇచ్చేశారు గాని భోజనం ఇంకా రాలేదు, చెమటలు పడుతున్నాయన్నారు. 12వ మంచానికి నాకంటే ముందు డ్యూటీలో ఉన్న సిస్టర్ పది నిమిషాల క్రితమే రక్తం మొదలుపెట్టి వెళ్లారు. నేను నొప్పితో ఉన్న ఆమె దగ్గరకు ముందు వెళ్లి, ఇంజెక్షన్ ఇచ్చి, బంధువులకు సమాధానం చెప్పి వచ్చేసరికి ఇరవై నిమిషాలు అయింది. అప్పుడు 7వ మంచం చూస్తే శ్వాస 26, పల్స్ 118, పై బీపీ 104, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 91, జ్వరం లేదు. ఆమెను ఐసీయూకు మార్చారు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను అందరి ముందూ మందలించారు. నేను ఏ వరుసలో వెళ్లి ఉండాల్సింది?
- ఒక స్టాఫ్ నర్సు, ఏలూరు

జవాబు: నొప్పితో ఏడుస్తున్న మనిషి దగ్గరకు వెళ్లినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరమ్మా. మిగిలిన ముగ్గురినీ కంటితోనైనా చూడకుండా అక్కడే ఇరవై నిమిషాలు ఉండిపోవడం దగ్గర పొరపాటు జరిగింది. చూడటానికి ఒక వరుస, చేయడానికి మరొక వరుస ఉంటాయని నర్సింగ్ స్కూళ్లలో మేము తగినంత గట్టిగా చెప్పడం లేదేమోనని నాకు చాలాకాలంగా అనుమానం. హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) కాగానే, చేతిలో ట్రే లేకుండా, ఒక్కొక్క మంచం దగ్గర అర నిమిషం నిలబడి మనిషి ముఖం, ఊపిరి తీరు, మాట, చర్మం రంగు, ఎక్కుతున్న సెలైన్ లేదా రక్తం, డ్రెయిన్లలోకి వస్తున్నది చూసుకుంటూ వెళ్తే నలుగురికీ రెండు నిమిషాలు చాలు. ఎవరి దగ్గర ఆగిపోవాలో ఆ రెండు నిమిషాలే చెబుతాయి.

ఆ రాత్రి ఆగవలసిన చోటు 7వ మంచం. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అనే వరుస మీకు కంఠస్థమే, కాని పెద్దావిడ విషయంలో అది మీకు గుర్తుకు రాకపోవడానికి కారణం ఉంది: ఆమె ఆయాసమని అనలేదు, ఇంటికి పోదామన్నారు. నిన్నటి దాకా కుదురుగా ఉన్న పేషెంటు ఒక్కసారిగా అస్థిమితంగా మారితే, అది వయసు వల్లనో నిద్రలేమి వల్లనో అనుకునే ముందు మెదడుకు ఆక్సిజన్ అందుతోందా, చక్కెర అందుతోందా అని చూడాలి. తుంటి విరిగిన వారిలో కాలి సిరలోని గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం, న్యుమోనియా, సోడియం తగ్గడం వంటివన్నీ సాధ్యమే. ఏది కారణమో తేల్చడం డాక్టరు పని, మార్పును పట్టుకోవడం మన పని. ఇటువంటి సమయంలో బంధువుల ఒత్తిడి మీద నిద్రమందు ఇవ్వడం ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పనక్కరలేదు.

మీరు రాసిన అంకెలనే బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన హెచ్చరిక స్కోరులో వేసి చూశాను. శ్వాస 25 లేక అంతకు మించితే 3, శాచురేషన్ 91 లేక అంతకు తగ్గితే 3, కొత్తగా వచ్చిన గందరగోళానికి 3, పల్స్ 111 నుంచి 130 మధ్య ఉంటే 2, పై బీపీ 101 నుంచి 110 మధ్య ఉంటే 1, జ్వరం లేదు కాబట్టి సున్న; మొత్తం 12. ఆ పద్ధతిలో 5 వచ్చినా చాలు, డాక్టరు త్వరగా వచ్చి చూడాలి; 7 లేక అంతకు మించితే అత్యవసరం. ఇంత పెద్ద మార్పు సాధారణంగా ఒక్క క్షణంలో రాదు. అంతకుముందు నాలుగు గంటలకు, ఆరు గంటలకు ఆమె కేస్ షీటులో శ్వాస ఎంత రాశారో తీసి చూడండి. 20 అని ఉంటే, పక్క మంచాలకు కూడా 20 అనే ఉంటే, ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. మన వార్డుల్లో శ్వాసను నిమిషం పాటు లెక్కపెట్టేవారి కంటే ఊహించి రాసేవారే ఎక్కువ, నా తొలి రోజుల్లో నేనూ రాశాను. అన్ని కొలతల్లోకీ ముందుగా మారేది తరచుగా అదే.

ఇక 9వ మంచం. ఇన్సులిన్ పడి, అన్నం పడక, చెమటలు పడుతున్న మనిషికి వేలి నుంచి చుక్క తీసి షుగర్ చూడటానికి నిమిషం పడుతుంది. పెద్దావిడను కూర్చున్నట్లుగా లేపి, స్థాయీ ఆదేశాల (వార్డులో ముందే రాసి ఉంచిన సూచనల) ప్రకారం ఆక్సిజన్ పెట్టి, డ్యూటీ డాక్టరును పిలిపించిన తర్వాత మీరు అక్కడే ఉండి, ఈ పని పక్క సిస్టర్‌తో చేయించాలి. ఎవరూ లేకపోతే ఆక్సిజన్ పెట్టగానే మీరే ఆ నిమిషం వెచ్చించాలి. 70 కంటే తక్కువ ఉండి, స్పృహలో ఉండి మింగగలిగితే పదిహేను గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి ఇచ్చి పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తారు. మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకూడదు, సిరలోకి డెక్స్‌ట్రోజ్ వెళ్లాలి.

12వ మంచం సంగతి మీ తప్పు కాదు. తీవ్రమైన రియాక్షన్లు తరచుగా మొదటి పదిహేను నిమిషాల్లోనే బయటపడతాయి కాబట్టి, డ్యూటీ మారే వేళ రక్తం మొదలుపెట్టి వెళ్లిపోవడం మంచి అలవాటు కాదు. మొదలుపెట్టిన సిస్టర్‌ను మరో అయిదు నిమిషాలు ఉండమని అడిగే హక్కు మీకుంది, మొహమాటపడవద్దు.

3వ మంచం చివరికి వచ్చింది, అయితే నొప్పి ఎప్పుడూ చివరిదే అనుకోకండి. మందు ఇచ్చినా పెరుగుతూ పొట్ట గట్టిపడుతున్న నొప్పి, ఛాతీ నొప్పి, సిమెంటు కట్టు కింద వేళ్లు కదిపితే భరించలేనంతగా వచ్చే నొప్పి వరుసలో ముందుకు దూకుతాయి. ఆ చివరిది కండరాలకు రక్తం అందకపోవడానికి సూచన కావచ్చు, ఆలస్యమైతే కాలో చెయ్యో పోతుంది. 3వ మంచం ఆమెకు మాత్రం, "పది నిమిషాల్లో ఇంజెక్షన్‌తో వస్తాను" అని చెప్పి వెళ్లి ఉంటే ఆమె తట్టుకునేది, వారి బంధువులూ తట్టుకునేవారు.

డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు "సార్, 7వ మంచం బాగాలేదు" అనకండి. "తుంటి ఆపరేషన్ మూడో రోజు, గంట నుంచి గందరగోళంగా ఉన్నారు, శ్వాస 26, శాచురేషన్ 91, ఆక్సిజన్ పెట్టాను, మీరు ఇప్పుడే రావాలి" అని చెబితే ఆయన "తర్వాత చూద్దాం" అనడం కష్టం.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతూ విదేశీ లైసెన్సింగ్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. "నర్సు ముందుగా ఏమి చేయాలి" అనే ప్రశ్నల్లో పరిశీలించడం, పని చేయడం రెండూ ఎంపికలుగా ఉంటే ఎప్పుడూ పరిశీలనే ఎంచుకోవాలా?
- ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: ఎప్పుడూ కాదు. ప్రశ్నలోనే పరిశీలన పూర్తయి, ప్రమాదం తేలిపోయి ఉంటే చేయడమే సమాధానం. రక్తం ఎక్కుతుండగా చలి వణుకు, నడుము నొప్పి వచ్చాయని ప్రశ్నలో ఉంటే ముందు ఆపాలి. బీపీ చూడటం, డాక్టరుకు చెప్పడం, కొత్త ట్యూబుతో సెలైన్ పెట్టి సిరను నిలుపుకోవడం ఆ తర్వాత. పొట్ట కుట్లు విడి పేగు బయటకు వచ్చిందంటే సెలైన్‌లో తడిపిన స్టెరైల్ గాజ్ గుడ్డతో కప్పాలి, లోపలికి నెట్టకూడదు. సమాచారం చాలకపోతే మాత్రం పరిశీలన. అంకెలను మనిషితో కలిపి చదవడం కూడా నేర్చుకోండి: శాచురేషన్ 90 అన్నది నిన్న ఆపరేషన్ అయిన యువకుడిలో ఆందోళన కలిగించాలి, కానీ కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) పేషెంటులో డాక్టరు పెట్టుకునే లక్ష్యమే 88 నుంచి 92 వరకు ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు సెలైన్ సీసా అయిపోతోందని మూడుసార్లు పిలిచినా నర్సు అరగంట దాకా రాలేదు. ఎదురుగా ఉన్న మంచం దగ్గరే నిలబడి ఉన్నారు. ఇది నిర్లక్ష్యం కాదా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎదురు మంచంలో ఏం జరుగుతోందో తెలియకుండా అవునని గాని కాదని గాని నేను అనలేను. చేతి సిరలోకి ఎత్తు నుంచి దానంతట అదే దిగే సెలైన్‌లో సీసా ఖాళీ కాగానే గాలి ఒంట్లోకి దూసుకుపోతుందన్న భయం చాలామందికి ఉంది. మామూలుగా ధార మధ్యలోనే ఆగిపోతుంది, సూది దగ్గర రక్తం గడ్డకట్టి కాన్యులా (సిరలో ఉంచిన సన్నని గొట్టం) మూసుకుపోవడమే తరచుగా జరిగే నష్టం. అందుచేత అది ఆలస్యంగా చూసినా ప్రాణం మీదికి రాని పని. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ జనరల్ వార్డులో ఆరు పడకలకు ఒక నర్సును సూచించింది. మీరు చూసిన వార్డులో ఒకరు ఎన్ని పడకలు చూస్తున్నారో లెక్కపెట్టి, ఫిర్యాదు రాసేటట్లయితే ఆ సంఖ్యను కూడా యాజమాన్యానికి రాయండి. పిలిచేటప్పుడు "ఒకసారి రండి" అనకుండా ఏం మారిందో చెప్పండి. కట్టు తడిసి ఎర్రబడుతోంది, ఆపరేషన్ అయి ఆరు గంటలైనా మూత్రం రాలేదు, పిలిస్తే మత్తుగా పలుకుతున్నారు, ఊపిరి వేగంగా ఉంది అనే మాటల్లో ఏది విన్నా సిస్టర్ చేతిలోని పనిని మళ్లీ బేరీజు వేసుకుంటారు. అలా చెప్పినా ఎవరూ కదలకపోతే వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను, ఆమె లేకపోతే డ్యూటీ డాక్టరును నేరుగా పిలవండి.