జీతం చెక్కు వెనక్కి వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: ఆరేళ్లుగా ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. రెండు నెలల బకాయి జీతానికి ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు చాలదంటూ బౌన్స్ అయింది. ‘వచ్చే నెల మళ్లీ వేసుకోండి’ అంటున్నారు యజమాని. కేసు పెడితే ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ యజమాని మంచివారే కావచ్చు. కానీ ఆయన అడుగుతున్న ఆ నెల రోజులే మీకు ప్రాణం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (1881) 138వ సెక్షన్ కింద, చెక్కు తిరిగొచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా డబ్బు చెల్లించమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. కంపెనీతో పాటు సంతకం చేసిన డైరెక్టరుకూ పంపండి. నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆపై నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. మీ ఖాతా ఉన్న శాఖ ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే వేయవచ్చు. రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ.

నోటీసు ఇచ్చినంత మాత్రాన కేసు పెట్టినట్లు కాదు. ‘గడువు దాటిపోతుందని పంపుతున్నాను’ అని ముందే ఆయనకు చెప్పండి, మొహమాటం తగ్గుతుంది.

చెక్కు మళ్లీ వేయవచ్చు, దాని మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు. అయితే ఈలోగా కొంత నగదు పుచ్చుకుని, అదే చెక్కును పూర్తి మొత్తానికి వేయకండి. అలాంటి చెక్కు మీద 138 వర్తించదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. మిగిలిన మొత్తానికి కొత్త చెక్కు రాయించుకోండి.

కోర్టు గడువు తప్పినా బాకీ మాఫీ కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. దీనిపై కార్మిక శాఖను ఆశ్రయించవచ్చు.

ఇక మీ ఇంటి సంగతి. జీతం రాక మీ ఈఎంఐ ఆటో డెబిట్ విఫలమైతే, 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద దాదాపు ఇదే శిక్ష మీ మెడకు చుట్టుకోవచ్చు. అందుకే వాయిదా తేదీకి ముందే బ్యాంకుకు వెళ్లి గడువు అడగండి. పీఎఫ్ పాస్‌బుక్ కూడా ఒకసారి తెరిచి చూడండి. జీతం ఆగిన చోట పీఎఫ్ సక్రమంగా జమవుతోందంటే నేను చూసే దాకా నమ్మను.